జ్వరంతో వచ్చినవాళ్ళను ఏం పని చేస్తారని అడగండి: బెంగళూరు డాక్టర్లకు, ఆరోగ్యాధికారులకు బహిరంగ లేఖ

బెంగళూరు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లకు, అందులోనూ మన తెలుగు డాక్టర్లకు, నగర ఆరోగ్యాధికారులకు,

నమస్కారం.

నేను పదకొండేళ్ళుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా అమ్మ ఇరవై రెండేళ్ళు ఈ నగరం వీధులు ఊడ్చింది. మాది కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. బెంగళూరులో తెల్లవారుజామున చీపురు పట్టుకుని కనిపించే పౌరకార్మికుల్లో చాలామంది మాలాంటి తెలుగు దళిత కుటుంబాలవాళ్ళేనని మీకూ తెలుసు.

ఎలుకల మధ్య పనిచేసేవాళ్ళకు ప్లేగులాంటి జబ్బు వస్తే వెంటనే గుర్తుపట్టి సరైన మందు పెట్టాలని, ఈ ఉత్తరంలో ఉన్న సంగతులే కన్నడలో రాసి ఒక కార్యాలయంలో మూడుసార్లు ఇచ్చాను. మొదటిసారి సీలు వేసి కాపీ ఇచ్చారు. రెండోసారి వెళితే పై ఆఫీసుకు పంపామన్నారు. మూడోసారి అక్కడున్న అధికారి కాగితం అటూ ఇటూ తిరగేసి, "ప్లేగు ఇప్పుడెక్కడుందమ్మా? ఏదో చూసి భయపడినట్టున్నావు" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు కూడా. కానీ నా అర్జీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాను. తెలుగులో రాయడానికి కారణం, ఇది మా వాళ్ళు కూడా చదవాలి. రేపు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఏం చెప్పాలో వాళ్ళకు తెలియాలి.

ముందు జరిగింది చెబుతాను.

కిందటేడు వానాకాలంలో ఒక కూరగాయల మార్కెట్ వెనక ఉన్న ఖాళీ సైటును శుభ్రం చేయించారు. అక్కడ ఎలుకల మందు పెట్టి అప్పటికి మూడు రోజులు. మోకాలెత్తు గడ్డి, దాని కింద చచ్చిన ఎలుకలు, పందికొక్కులు. ఇచ్చిన గ్లౌజులు చిరిగి నెలలు దాటింది, కొత్తవి రాలేదు. అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు అట్టముక్కలతో, అవి మెత్తబడ్డాక ఉత్త చేతులతోనే వాటిని గంపకెత్తారు. పదో రోజుకు అమ్మకు చలిజ్వరం వచ్చింది. తల పగిలిపోయేంత నొప్పి. కుడి గజ్జల్లో బిళ్ళ కట్టింది.

నేనప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాను. తమ్ముడు ఆటోలో దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అడ్వాన్సు కట్టేదాకా అక్కడ ఫైలు కదల్లేదు. వాడు ఫోన్లు చేసి, చిట్టీ డబ్బులు ఇప్పించుకుని కట్టేసరికి మూడు గంటలు పట్టింది. తర్వాత చూసిన డాక్టరు చిన్నవాడు, ఓపికగానే చూశాడు. అమ్మ ఆయనతో, "చచ్చిన ఎలకలు ఎత్తినాను సార్, ఆ దినం నుంచే ఇట్లుండాది" అని రెండుసార్లు చెప్పిందట. ఆ కేస్ షీటు తర్వాత నేను చూశాను. వృత్తి అన్న చోట 'గృహిణి' అని ఉంది. ఎలుకల మాట లేదు, గజ్జల బిళ్ళ మాట లేదు. చీర కట్టుకున్న మనిషిని గజ్జల దాకా ఎవరూ పరీక్షించలేదు. సెప్సిస్ (క్రిమి సోకి ఒళ్ళంతా విషమించడం) అని రాసి సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

మూడో రోజుకు బీపీ పడిపోయింది. మూత్రం తగ్గింది. ఆయాసం ఎక్కువైంది. నాలుగో రోజు పొద్దున మేం వేరే ఆసుపత్రికి మార్చాం. అక్కడొక సీనియర్ డాక్టరమ్మ వచ్చీరాగానే దుప్పటి తీయించి, పాదాల దగ్గర్నుంచి పైదాకా చూశారు. తొడ లోపలి వైపు సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారు. అమ్మ చెప్పగానే స్క్రబ్ టైఫస్ అయ్యుంటుందన్నారు, పరీక్షకు రక్తం పంపారు, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ పెట్టించారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ప్రాణం నిలిచింది. కానీ అప్పటికే ఎడమకాలి మూడు వేళ్ళు నల్లబడిపోయాయి, తీసేశారు. కిడ్నీలు తేరుకునేదాకా ఆరుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

అమ్మకు వచ్చింది ప్లేగు కాదు. ఆ సంగతి స్పష్టంగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివి ఎవరూ మందుల షాపుల ముందు క్యూ కట్టకూడదు. స్క్రబ్ టైఫస్ ఎలుకల మీద బతికే చిన్న చిన్న నల్లుల్లాంటి పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. ప్లేగు ఊపిరితిత్తులకు ఎక్కితే దగ్గుతో అంటుతుంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే. అవే చేతులు, అవే ఎలుకలు, గజ్జల్లో అదే బిళ్ళ, అదే సెఫ్ట్రియాక్సోన్. ఆ రాత్రి వచ్చింది ప్లేగే అయ్యుంటే, అమ్మకు నాలుగో రోజు అనేది ఉండేది కాదేమో. అది ఊపిరితిత్తుల్లోకి దిగి ఉంటే, పక్క మంచాలవాళ్ళు, మూతి తుడిచిన తమ్ముడు, రాత్రంతా సెలైన్లు మార్చిన నర్సులు ఏమయ్యేవాళ్ళు?

"ప్లేగు ఇప్పుడెక్కడుందమ్మా" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది.

మన దేశంలో 1966 తర్వాత చాలాకాలం మనుషుల్లో ప్లేగు కనిపించలేదు. ఆ 1966 కేసు నమోదైంది ఎక్కడో కాదు, మా ముళబాగిలు ప్రాంతంలోనే. మా అవ్వ చెప్పేది: పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి ఇంటి దూలం మీది నుంచి ఎలుకలు రాలాయట. పెద్దవాళ్ళు రెండో ఆలోచన చేయలేదు. ఆ సాయంత్రమే చట్టీ కుండా నెత్తికెత్తుకుని ఊరంతా చేలల్లోకి నడిచి, గుడిసెలు వేసుకుంది. సంతకం పెట్టడం రాని మా అవ్వకు, ఎలుక రాలితే తర్వాత మనిషి రాలతాడని తెలుసు. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు కలిసే ఆ మూల ప్లేగుకు పాత స్థావరం. అందుకే జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం వారి ప్లేగు నిఘా విభాగం మన బెంగళూరులోనే ఉంది. వాళ్ళు ఎలుకలను పట్టి పరీక్షిస్తూనే ఉంటారు. ప్రభుత్వం నిఘా పెట్టిన జబ్బు గురించి అర్జీ ఇస్తే, భయపడుతున్నావనడం ఎలా సబబో నాకు అర్థం కాలేదు.

28 ఏళ్ళ తర్వాత 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, ఆ వెంటనే సూరత్‌లో ప్లేగు బయటపడింది. 50 మందికి పైగా చనిపోయారు. లక్షలమంది దొరికిన రైలెక్కి ఊరు విడిచారు. 2002 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లో, సిమ్లా జిల్లా పల్లెలో, 16 మందికి ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి నలుగురు పోయారు. 2004లో ఉత్తరకాశి జిల్లాలో 8 మందికి వచ్చి ముగ్గురు పోయారు. 2017లో మడగాస్కర్‌లో దాదాపు 2400 కేసులు నమోదయ్యాయి, 200 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ భాగం దగ్గుతో అంటుకునే రకమే, అదీ పెద్ద పట్టణాల్లో. ఇవేవీ తాతల కాలం ముచ్చట్లు కావు. నా పదకొండేళ్ళ సర్వీసులోనే మడగాస్కర్ ఉంది.

బెంగళూరుకు ఈ జబ్బు కొత్త కూడా కాదు. 1898 ఆగస్టులో రైలు దారిన వచ్చింది. వేలమంది పోయారు. పేట ఇరుకు సందుల్లోంచి జనం బయటికి వెళ్ళి స్థిరపడ్డాకే మల్లేశ్వరం, బసవనగుడి నిండాయి. ప్లేగు మారెమ్మ గుళ్ళు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి, ఆ తల్లికి ఇప్పటికీ పూజ జరుగుతోంది.

ఇక వైద్యం సంగతి. నేను డాక్టర్ని కాను, మీకు పాఠం చెప్పేటంత దాన్నీ కాను. కానీ మీరు రాసిన ఆర్డరు ప్రకారం మందు కలిపి ఎక్కించేది మేమే, ఎక్కించిన తర్వాత రాత్రంతా ఆ మంచం దగ్గర నిలబడేదీ మేమే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ప్లేగు క్రిమి యెర్సీనియా పెస్టిస్. ఎలుక మీది గోమారి (ఇంగ్లీషులో ఫ్లీ అనే చిన్న పురుగు) కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. సాధారణంగా రెండు నుంచి ఎనిమిది రోజుల్లోపు జ్వరం, దానితోపాటు గజ్జల్లోనో చంకలోనో మెడ దగ్గరో బిళ్ళ. ఆ బిళ్ళ నొప్పి మామూలుగా ఉండదు, మనిషి కాలు చాపలేడు, చెయ్యి దించలేడు. వైద్యం లేకపోతే ఈ రకంలో నూటికి 30 నుంచి 60 మంది చనిపోతారు. ఊపిరితిత్తులకు ఎక్కిన ప్లేగుకు వైద్యం లేకపోతే దాదాపు అందరూ చనిపోతారు, లక్షణాలు మొదలైన 24 గంటల్లో సరైన మందు పడకపోతే బతికే ఆశ సన్నగిల్లుతుంది. సకాలంలో మందు పడితే మాత్రం ఎక్కువమంది బతుకుతారు. ఇది నయమయ్యే జబ్బు. ఆ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

ఆ సరైన మందులు కొత్తవీ కావు, అరుదైనవీ కావు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్. మెదడు పొరలకు సోకితే క్లోరాంఫెనికాల్. మొత్తం పది నుంచి పద్నాలుగు రోజుల కోర్సు. చిక్కు ఎక్కడుందంటే, సెప్సిస్ అనగానే మన ఐసీయూల్లో చెయ్యి వెళ్ళేది వీటి మీదికి కాదు. సెఫ్ట్రియాక్సోన్, పిపెరాసిలిన్-టాజోబాక్టం, మెరోపెనెమ్ మీదికి వెళుతుంది. అవి గొప్ప మందులే, వాటితో బతికిన పేషెంట్లను వందల్లో చూశాను. కానీ ప్లేగుకు వాడమని చెప్పే మందుల్లో అవి లేవు. స్క్రబ్ టైఫస్‌కు అవి అసలే పనిచేయవు. రోజుకు వేల రూపాయల ఇంజెక్షన్ నడుస్తూ ఉంటుంది, కొన్ని రూపాయల మాత్ర లేక మనిషి పోతూ ఉంటాడు. మా అమ్మ మంచం పక్కన మూడు రోజులు జరిగింది అదే.

ఆలస్యమైతే ఏమవుతుందో ఐసీయూలో పనిచేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు, కానీ అధికారులకు తెలియాలి. క్రిమి రక్తంలోకి చేరితే బీపీ నిలబడదు, బీపీని నిలబెట్టే నార్ అడ్రినలిన్ మందు పెంచుతూ పోతాం. రక్తం ఒకవైపు చిన్న నాళాల్లో గడ్డకడుతూ ఉంటుంది, ఇంకోవైపు సూది గుచ్చిన చోటల్లా కారుతూ ఉంటుంది. చేతివేళ్ళు, కాలివేళ్ళు, ముక్కు కొస నల్లబడతాయి. ఊపిరితిత్తులు నీరు పట్టి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. కిడ్నీలు దెబ్బతింటాయి, అప్పుడు జెంటామైసిన్ డోసు లెక్క చూసి తగ్గించకపోతే మందే కిడ్నీకి, చెవికి ఇంకో దెబ్బ. అరకొర వైద్యం పడినవాళ్ళలో వారం పది రోజుల తర్వాత, అమ్మయ్య గండం గడిచిందనుకునే వేళకు, మెడ బిగుసుకుని మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) బయటపడవచ్చు. బతికి బయటపడ్డ కూలిమనిషికి వేళ్ళు లేకపోతే, ఆ ఇంట్లో వంటపొయ్యి ఎలా వెలగాలి? మా అమ్మ ఇప్పుడు పది నిమిషాలు నిలబడలేదు. చీపురు పట్టడం సంగతి పక్కన పెట్టండి, చెప్పు కాలికి నిలవదు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి.

1. జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ ఏం పని చేస్తారని అడగండి, చెప్పింది రాయండి. వీధులు ఊడ్చేవాళ్ళు, డ్రైనేజీ తీసేవాళ్ళు, గోడౌన్లలో మూటలు మోసేవాళ్ళు, రైల్వే యార్డుల్లో పడుకునేవాళ్ళు, పొలం పనులవాళ్ళు ఎవరైనా సరే. "ఈ మధ్య చచ్చిన ఎలుకలు చూశారా, ముట్టుకున్నారా? ఇంట్లో, వీధిలో ఇంకెవరికైనా ఇలాగే ఉందా?" ఈ రెండు ప్రశ్నలకు అర నిమిషం చాలు. 2002లో హిమాచల్‌లో మొదట జబ్బుపడింది ఒక వేటగాడు, అతను ఒక అడవి పిల్లి తోలు ఒలిచాడు. ఆ మనిషి చేతులతో ఏం చేశాడో తెలియకపోతే అతనికొచ్చినది మామూలు న్యుమోనియాలాగే కనబడుతుంది. అడిగిన తర్వాత చూడండి. గజ్జలు, చంకలు, మెడ, తొడల లోపలి భాగం, రొమ్ముల కింద. ఆడవాళ్ళను చూడాలంటే ఇబ్బందిగా ఉంటే మమ్మల్ని పిలవండి, తెర లాగి మేం పక్కన నిలబడతాం. అది మా పని. "సిగ్గుపడుతుందని చూడలేదు" అన్న మాట మా అమ్మ విషయంలో నేను విన్నాను. ఆమె సిగ్గుపడేది కాదు. ఆమెను ఎవరూ అడగలేదు.

2. మొదటి డోసు ముందు, అడ్వాన్సు తర్వాత. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వైద్యం చేయడం ప్రభుత్వ డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా బాధ్యత అని. మూడు గంటలు కౌంటర్ దగ్గర పోగొట్టుకున్న కుటుంబం ఆ తీర్పు గురించి విని ఉండదు. కాబట్టి ఆ మాటను కన్నడలో, తెలుగులో, తమిళంలో, ఉర్దూలో, హిందీలో పెద్ద అక్షరాలతో ప్రతి ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర రాయించండి.

3. ఎలుకలతో సంబంధం ఉన్న మనిషికి సెప్సిస్ అనుమానం వస్తే, మీరు మామూలుగా పెట్టే మందుతోపాటు డాక్సీసైక్లిన్ పెట్టాలా, జెంటామైసిన్ కలపాలా అని ఆలోచించేలా ఒక పేజీ ప్రోటోకాల్ ప్రతి ఎమర్జెన్సీలో గోడకు ఉండాలి. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు) రక్తం తీసిన వెంటనే మందు మొదలవ్వాలి, రిపోర్టు కోసం ఆగకూడదు. ఈ క్రిమి కల్చర్‌లో నెమ్మదిగా పెరుగుతుంది, మెషీన్లు దాన్ని వేరే క్రిమిగా పొరబడతాయి కూడా. ప్లేగు అనుమానం ఉంటే శాంపిల్ మీద ఆ మాట రాసి, ల్యాబ్‌కు ముందే ఫోన్ చేసి పంపండి. అక్కడ క్రిమిని పెంచిన ప్లేట్లు తెరిచే టెక్నీషియన్ కూడా ఒక ఇంటి మనిషే. బిళ్ళలోంచి సూదితో తీసిన చుక్కను రంగు వేసి చూస్తే రెండు చివర్లా ముదురుగా, సేఫ్టీ పిన్నులా కనిపిస్తుందని మా ట్యూటర్ మేడమ్ చెప్పేవారు. గట్టిగా ఉన్న బిళ్ళను తొందరపడి కోయవద్దని కూడా ఆవిడే చెప్పారు.

ఇందులోనే ఇంకో మాట. నగరంలోని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మందులు ఎన్ని ఉన్నాయో నెలకోసారి లెక్క చూడాలి. స్ట్రెప్టోమైసిన్ ఒకప్పుడు టీబీ పేషెంట్ల కోసం ఎక్కడపడితే అక్కడ ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఎన్ని వయల్స్ ఉన్నాయో ఒక చోట రాసి పెట్టి ఉండాలి. అవసరమైన రాత్రి రెండు గంటలకు స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

4. దగ్గుతో వచ్చిన అనుమానం కేసును వేరే గదిలో పెట్టండి, సరైన మందు పడి 48 గంటలు గడిచేదాకా. దగ్గరగా మెలిగినవాళ్ళకు ఏడు రోజుల డాక్సీసైక్లిన్ ఇవ్వండి. ఈ జాబితాలో నర్సుల పేర్లు ఎలాగూ ఉంటాయి. ఆయాల పేర్లు, వార్డ్ బాయ్‌ల పేర్లు, గదిని తుడిచే కాంట్రాక్టు మనిషి పేరు కూడా ఉండాలి. ఎప్పుడూ తప్పిపోయేవి ఆ పేర్లే.

5. ఇది నగర అధికారులకు. ఎలుకల మందు పెట్టడానికి ముందు గోమార్లను చంపే మందు చల్లించండి. ఎలుక చచ్చి చల్లబడగానే దాని మీది గోమార్లు ఇంకో వేడి ఒంటిని వెతుక్కుంటాయి, ఆ పూట అక్కడుండే వేడి ఒళ్ళు పౌరకార్మికులవే. ఈ వరస నేను కనిపెట్టింది కాదు, ప్లేగు నివారణలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చచ్చిన ఎలుకను ఎత్తడానికి పొడుగు పట్టకారు, మందపాటి గ్లౌజులు, గమ్ బూట్లు, మూతి కట్టే సంచి ఇవ్వండి. కాంట్రాక్టరు ఇచ్చాడని రిజిస్టర్‌లో ఉంటే చాలదు, పొద్దున ఆరు గంటలకు వీధిలోకి వచ్చి చేతులకు ఉన్నాయో లేదో మీరు చూడాలి. 1995లో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు చేసింది అదే. అధికారులను పొద్దున పూట ఆఫీసు వదిలించి వీధుల్లో నిలబెట్టారు. ప్లేగుతో పరువు పోయిన ఆ ఊరు కొన్నాళ్ళకే శుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకుంది.

మందు పెట్టకుండానే ఒక చోట నాలుగైదు ఎలుకలు చచ్చి కనబడితే, ఆ సంగతి చెప్పడానికి మా అమ్మలాంటివాళ్ళకు ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఫోన్ ఎత్తిన మనిషి తిట్టకుండా వినాలి. ఆ ఎలుకలు నిఘా విభాగానికి పరీక్షకు వెళ్ళాలి. ఈ నగరంలో ఎలుకలు చచ్చిన సంగతి అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే, కానీ వాళ్ళను అడిగేవాళ్ళు లేరు.

6. భాష. మా అమ్మ కన్నడ మాట్లాడుతుంది, కానీ జ్వరం నూట నాలుగులో ఉన్నప్పుడు ఆమెకు నోట్లోంచి వచ్చేది తెలుగే. 'బిళ్ళ కట్టింది' అంటే మాత్ర వేసుకుందని రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. తెలుగు డాక్టర్లు, మీరు ఈ నగరంలో చిన్న సంఖ్యలో లేరు. మీ డ్యూటీ గంటల్లో ఒక తెలుగు కూలిమనిషి వస్తే ఇంగ్లీషు పక్కన పెట్టి మనవాళ్ళతో మన మాటలో మాట్లాడండి. "ఏమ్మా, ఏ ఊరు మీది?" అని మొదలుపెడితే మిగతాదంతా వాళ్ళే చెబుతారు.

7. పని వల్ల జబ్బుపడిన పౌరకార్మికులకు జీతంతో సెలవు, పూర్తి వైద్యం, అవయవం పోతే పరిహారం. మా అమ్మ కాగితాల్లో ఆ రోజు ఆ సైటులో పని చేసినట్టు కూడా లేదు. హాజరు వేరే వార్డులో పడి ఉంది.

8. ఎక్కడైనా అనుమానం కేసు బయటపడితే దాచకండి. రోజూ ఒకే సమయానికి, ఒకే మనిషి, ఉన్నదున్నట్టు చెప్పాలి. 1994లో జనం సూరత్ వదిలి పారిపోవడానికి జబ్బు ఎంత కారణమో, ఏది నిజమో చెప్పే మనిషి లేకపోవడం అంత కారణం. అలాగే పేద బస్తీల మీద పోలీసులను పంపకండి. 1897లో పుణేలో ప్లేగు పేరుతో ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేస్తే జనం రోగులను దాచుకున్నారు, ఆ కోపం చివరికి ప్లేగు అధికారి రాండ్ హత్య దాకా వెళ్ళింది. మా బస్తీకి మందు పట్టుకుని ఒక ఆశా కార్యకర్త వస్తే తలుపులు అవే తెరుచుకుంటాయి.

నా మాటల్లో వైద్యపరంగా ఎక్కడైనా తప్పుంటే డాక్టర్లు దిద్దండి, సంతోషంగా దిద్దుకుంటాను. కానీ "ఇప్పుడెక్కడుందమ్మా" అన్న మాట మాత్రం నాకు జవాబుగా ఇవ్వకండి.

ఈ ఉత్తరాన్నే కన్నడలో మళ్ళీ రాసి, వచ్చే సోమవారం అదే కార్యాలయంలో నాలుగోసారి ఇస్తున్నాను. ఈసారి నాతోపాటు, ఆ రోజు ఆ సైటులో ఎలుకలు ఎత్తిన మిగతా నలుగురు ఆడవాళ్ళు వస్తారు. అమ్మ కూడా వస్తానంటోంది, ఆమె కోసం మెట్ల దగ్గర ఒక కుర్చీ వేయించండి. ఎనిమిది అంశాల్లో ఏది ఎప్పటికి చేస్తారో ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరకార్మికురాలి కూతురు, స్టాఫ్ నర్సు
బెంగళూరు